నాయిన వాసన చూసిన డ్రమ్ము

నాకు భయం ఎక్కువ. ఇదేదో గొప్పకి చెప్పడం లేదు, మా ఇంట్లో ఎవరిని అడిగినా చెప్తారు. కుక్కర్ మూడో కూత వేసేలోపు నేను వంటింట్లోంచి బయటికి వచ్చేస్తాను. హైవే దాటడానికి ముక్కూ మొహం తెలియని ఆడమనిషి చెయ్యి పట్టుకున్న రోజులున్నాయి. మా అమ్మాయి రెండుసార్లు తుమ్మితే నేను నుదురు పట్టి చూస్తాను. మా ఆయన దీనికి బాగా అలవాటు పడిపోయాడు. "దీనికి దీని నీడను సూసినా భయమే" అని చుట్టాల ముందు నవ్వుతాడు. నవ్వనీ. ఇంట్లో ఒకరు భయపడుతుంటేనే మిగతావాళ్లు ధైర్యంగా తిరగగలరు. ఆ సంగతి ఆయనకి ఎవరు చెప్పాలి?

ఈ భయాలన్నింటిలోకీ పాతది డ్రమ్ము భయం.

నేను పుట్టి పెరిగింది కుత్బుల్లాపూర్ దగ్గర కార్మికుల కాలనీలో. నాయిన మందులకు ముడిసరుకు తయారుచేసే ఒక కంపెనీలో పనిచేసేవాడు. కాలనీలో సగం మంది మగవాళ్లది అలాంటి పనే. అందుకని మా ఇళ్లలో మంచాలకంటే డ్రమ్ములు ఎక్కువ. నీళ్లకు డ్రమ్ము, బియ్యానికి డ్రమ్ము. అడ్డంగా కోస్తే స్నానాల తొట్టి, నిలువుగా కోస్తే కోళ్లగూడు. కంపెనీల్లో ఖాళీ అయినవి పాత ఇనుప సామాన్ల దుకాణానికి వచ్చేవి, అక్కడినుంచి మా ఇళ్లకు దొర్లుకుంటూ వచ్చేవి. అంతకుముందు లోపల ఏముండేదో దుకాణంవాడికీ తెలియదు, మాకూ తెలియదు.

ఇనప డ్రమ్మును మంటతో కొయ్యాలంటే వెల్డింగువాళ్లకు ఒక పద్ధతి ఉంది. ముందు దాన్ని నీళ్లతో నింపుతారు. లోపల ఏదైనా ఆవిరి దాగి ఉంటే నీళ్లు దాన్ని బయటికి నెట్టేస్తాయి. ఆ తర్వాత కోసినా ప్రమాదం ఉండదు. అయితే మా కాలనీలో నల్లా రోజు విడిచి రోజు వచ్చేది. డ్రమ్ము నింపడమంటే ఇంటిల్లిపాది తాగే నీళ్లూ, వండుకునే నీళ్లూ దానికి ధారపోయడమే. అన్ని నీళ్లు ఎవరికి మనసొప్పుతుంది? అందుకని నీళ్ల బదులు మా కాలనీవాళ్లు ఇంకో దారి కనిపెట్టుకున్నారు. అదే మా నాయిన ముక్కు.

ఎవరు డ్రమ్ము కొన్నా ముందు మా వాకిట్లోకి తెచ్చేవాళ్లు. నాయిన తువ్వాల భుజాన వేసుకుని వచ్చేవాడు. అమ్మ పొయ్యి మీద ఏముంటే అది దించేసి వచ్చి ఆయన పక్కనే నిలబడేది. నాయిన డ్రమ్ము మూత తిప్పి తీసేవాడు. ముక్కు నేరుగా పెట్టేవాడు కాదు. అరచేత్తో గాలిని మెల్లమెల్లగా తన వైపు లాక్కునేవాడు. కంపెనీలో అలాగే నేర్పారట. తర్వాత తలెత్తి అమ్మ మొహంలోకి ఒకసారి చూసేవాడు. ఆ చూపు చూసి పక్కింటి ఆడవాళ్లు, "గీ వయసుల గూడ పెండ్లాం అంటే ఎంత ప్రేమనో" అని నవ్వేవాళ్లు. అమ్మ కొంగు సర్దుకుని లోపలికి వెళ్లిపోయేది. అప్పుడు నాయిన, "మంచిగున్నది, కోసుకోండ్రి" అనేవాడు. లేకపోతే, "ఒద్దు, వాపస్ ఇచ్చెయ్" అనేవాడు. ఆ మాటకు తిరుగు లేదు.

ఒక్క మనిషి మాత్రం చూపించకుండా కోయించాడు. మా వెనక గల్లీలో ఉండేవాడు, ఏదో తొందరలో ఉన్నాడు. మధ్యాహ్నం బడి నుంచి అన్నానికి వస్తున్నాను. నా కాళ్ల కింద నేల అదిరినట్టయింది. తర్వాత చప్పుడు వినిపించింది. డ్రమ్ము మూత రేకుల కప్పు చీల్చుకుని వెళ్లి రోడ్డవతల పడింది. అది అక్కడ గుండ్రంగా తిరుగుతూ ఉంది, ఎంతసేపటికీ ఆగడం లేదు. ఆ మూతను నేను చూశాను. మనిషిని మాత్రం అమ్మ నన్ను చూడనివ్వలేదు. నా మొహాన్ని తన కడుపుకు అదుముకుని ఇంట్లోకి లాక్కుపోయింది. ఆ వెల్డింగు దుకాణం మళ్లీ తెరుచుకోలేదు.

ఆ తర్వాత నాయిన మాటకు విలువ ఇంకా పెరిగింది. నా భయం కూడా పెరిగింది.

ఇప్పుడు మేము గుండ్లపోచంపల్లిలో ఉంటున్నాం. మా ఆయన ఒక పెద్ద గోదాములో సరుకులెత్తే బండి నడుపుతాడు. చిన్న ఇల్లు, వెనకాల కొంచెం ఖాళీ జాగా, ప్రహరీ గోడ. అమ్మ పోయాక నాయిన మా దగ్గరికి వచ్చేశాడు. మొన్న వానలకు మా అమ్మాయికి డెంగీ వచ్చింది. ఆ రోజుల గురించి రాయలేను. బిడ్డ లేచి కూర్చుని అన్నం అడిగితే చాలు, కృతజ్ఞత కూడిక పెట్టుకుంటామని మొక్కుకున్నాం. మా చర్చిలో ఎవరికైనా గండం గడిస్తే అదే అలవాటు. ఇంటి దగ్గర అందరూ చేరి పాటలు పాడుకుంటారు, అయ్యగారు ప్రార్థన చేస్తారు, తర్వాత మాంసంతో భోజనం. బిడ్డ లేచింది. పప్పన్నం అడిగింది. ఇక మా ఆయన కాళ్లు నేల మీద నిలవలేదు.

"బగారన్నం, మటన్ కూర అందరు పెడ్తరు. మనం కట్టెల మీద కాల్చిన మాంసం పెడ్దాం" అన్నాడు.

ఈ పిచ్చి ఆయనకు శామీర్‌పేటలో అంటుకుంది. అక్కడ చెరువు పక్కన రోడ్డు మీద సెలవు రోజుల్లో ఒకాయన బండి పెట్టుకుని, కట్టెల మంట మీద కోడి, మేక మాంసం కాల్చి అమ్ముతాడు. ఒక ఆదివారం మమ్మల్ని తీసుకెళ్లాడు. పొగ కమ్మగా వస్తోంది. అమ్మాయి లొట్టలేస్తోంది. నేను మాత్రం ఆ పొయ్యిని చూశాను. ఒక ఇనప డ్రమ్మును నిలువుగా రెండు చెక్కలు చేసి, కిందిదానికి కాళ్లు అతికి, పైదాన్ని మూతలా బందులతో బిగించారు. మధ్యలో ఇనుప జాలి. జాలి కింద కట్టెలు మండుతున్నాయి. నోట్లో పెట్టుకున్న ముక్క నాకు గొంతు దిగలేదు.

"దీంట్ల ముందు ఏముండెనో" అన్నాను.

"మాంసం తినేటప్పుడు గూడ నీకు గదే ఆలోచనా?" అని మా ఆయన నా ప్లేటు కూడా లాక్కున్నాడు.

ఆయనకి డ్రమ్ము మీదికి మనసు పోకముందే వేరేది కొనిపించాలని నేను చాలా తంటాలు పడ్డాను. సుచిత్ర చౌరస్తా దగ్గర ఒక దుకాణానికి నేనే లాక్కెళ్లాను. నల్లరంగు వేసిన గ్రిల్లు, చక్రాలతో సహా, అద్దాల గదిలో పెట్టి ఉంది. మా ఆయన దాన్ని వేలితో కొట్టాడు. రేకు టంగుమంది. పెనం అంత లోతు కూడా లేదు. "కట్టెలు ఎక్కడ పెట్టాలె?" అని అడిగితే దుకాణం అబ్బాయి, "కట్టెలు కాదు సార్, బొగ్గులు" అన్నాడు. మా ఆయన మొహం వాడిపోయింది. బొగ్గుల మీద కాలిస్తే హోటల్ కూడులాగా ఉంటుందట, కట్టెపొగ తగలాలట. నేను ఆ గ్రిల్లు చక్రాలను ఎంత మెచ్చుకున్నా లాభం లేకపోయింది.

ఇటుకలతో కడదామన్నాను. గాలికి పొగంతా పక్కింట్లోకి పోతుందన్నాడు. కట్టెల విషయంలోనూ రభసే. గోదాములో సరుకుల కింద పెట్టే చెక్కలు విరిగిపోయినవి నాలుగు మోసుకొచ్చాడు. నాయిన వాటిని తిప్పి చూసి, "గివి ఒద్దు అల్లుడా, పురుగు పట్టకుంట మందు కొట్టిన చెక్కలు. గా పొగ మాంసానికి పడ్తది. చింత కట్టెగాని, తుమ్మ కట్టెగాని తీసుకురా" అన్నాడు. మా ఆయన మారుమాట లేకుండా వాటిని తీసుకెళ్లి పడేశాడు. నేను చెప్తే వినని మనిషి నాయిన చెప్తే వింటాడు. అల్లుడింట్లో ఉంటున్న మామకు ఉండే చిన్నతనం మా నాయినకు లేదంటే దానికి కారణం ఇదే. ఏది మంచిదో ఏది విషమో ఆయనకు తెలుసని మా ఇంట్లో అందరి నమ్మకం.

అందుకే, "డ్రమ్మే కొందాం, మామ వాసన సూస్తడు. ఇగ భయమెందుకు?" అని మా ఆయన అంటే నాకు అడ్డు చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

అప్పటికి కొన్నాళ్ల కిందట ఒక సంగతి జరిగింది. చర్చి నుంచి వచ్చి తలుపు తీసేసరికి గుప్పుమని గ్యాసు వాసన కొట్టింది. పొయ్యి గుండీ సగం తిరిగి ఉంది, మంట లేదు. నాయిన అదే గదిలో కింద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్నాడు. నేను కేక పెట్టి గుండీ కట్టేసి, కిటికీలు తెరిచి, అమ్మాయిని బయటికి నెట్టి, ఆ తర్వాత గోడకు చేరగిలపడ్డాను. "వాసన రాలేదా నాయినా?" అంటే, "జలుబు చేసింది బిడ్డా" అన్నాడు. గుండీ సరిగా కట్టలేదని మా ఆయన్ని ఆ రోజంతా తిట్టాను. జలుబు సంగతి మర్చిపోయాను.

ఆదివారం కూడిక. శుక్రవారం మా ఆయన సెలవు పెట్టి, నన్నూ నాయిననూ మేడ్చల్ అవతల ఒక పాత సామాన్ల దుకాణానికి తీసుకెళ్లాడు. డ్రమ్ములు మూడు నాలుగు వరసలు ఎత్తుగా పేర్చి ఉన్నాయి. దుకాణందారు నాయినను గుర్తుపట్టి కుర్చీ వేశాడు. "పెద్దాయన వచ్చిండు, ఇగ నా ఖరాబు డ్రమ్ము ఒక్కటి గూడ అమ్ముడువోదు" అని హాస్యమాడాడు. నాయిన మొహం వెలిగింది. ఆయన అలా నవ్వి చాలా రోజులైంది.

మొదటి డ్రమ్ము అడుగంతా తుప్పు. రెండోదానికి చిల్లు. మూడోది గట్టిది, మందపాటి రేకు, మా ఆయన దానిమీద చెయ్యేసి వదలడం లేదు. నాయిన మూత తీశాడు. అరచేత్తో గాలి లాక్కున్నాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

నాకు వాసన తగిలింది. ఎక్కువేం కాదు, సన్నగా. కుళ్లిన పండులాంటి తీపి వాసన, వెనకాల గోళ్ల రంగు ఘాటు. నాయిన తలెత్తి నా మొహంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత అల్లుడివైపు తిరిగి, "మంచిగున్నది. గిదే తీసుకో" అన్నాడు.

నేను నోరు తెరిచాను. మళ్లీ మూసేశాను. నా ముక్కు మీద నాకు నమ్మకం లేదు. భయపడే మనిషికి లేని పాము కూడా కనిపిస్తుంది, నాకు ఎన్నిసార్లు కనిపించిందో. పైగా దుకాణందారు, అతని పనివాళ్లు, మా ఆయన, అందరూ నాయిన చుట్టూ ఉన్నారు. అందరి ముందు, "కాదు నాయినా, నువ్వు తప్పు" అనడానికి నాకు నోరెలా వస్తుంది? డ్రమ్ము ట్రాలీ ఆటోలోకి ఎక్కింది. దారంతా నేను దానివైపు చూడకుండా కూర్చున్నాను.

ఇంటికొచ్చాక టీ పెట్టాను. రోజూ నాయిన టీలో అల్లం దంచి వేస్తాను. ఆ రోజు వెయ్యలేదు. నా చేతులే ఆ పని చేశాయి, నేను ముందుగా అనుకుని చేసింది కాదు. గ్లాసు అందించి అక్కడే నిలబడ్డాను.

"అల్లం ఎక్కువైందా నాయినా?"

ఆయన ఒక గుటక వేశాడు. "కొంచెం ఎక్కువనే అయింది బిడ్డా. అయినా మంచిగున్నది" అన్నాడు.

వంటింట్లోకి వెళ్లి గట్టు పట్టుకుని నిలబడ్డాను. గ్యాసు రోజు గుర్తొచ్చింది. ఆయన పక్కనే ఉన్నా మాడిపోయిన పప్పు గుర్తొచ్చింది. ఈమధ్య ప్రతి ముద్దకూ పచ్చడి నంజుకోవడం గుర్తొచ్చింది. నాయినకు వాసన రావడం లేదు. పెరట్లో డ్రమ్ము ఉంది. రేపు దాని దగ్గరికి మంట పట్టుకుని ఒక మనిషి వస్తాడు. పెరట్లో మా అమ్మాయి రెండు పుల్లలు తీసుకుని ఆ డ్రమ్మును డప్పులా వాయిస్తోంది. ఒక్క పరుగున వెళ్లి పిల్లను రెక్క పట్టుకుని లోపలికి లాక్కొచ్చాను. బిడ్డ ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

మా ఆయనతో, "గా డ్రమ్ము నాకు నచ్చలే, ఒద్దు" అన్నాను.

"మామ సూసిండు గదనే" అన్నాడు.

దాని తర్వాత నేను చెప్పాల్సింది ఒకే మాట. ఆ మాట చెప్తే డ్రమ్ము పోతుంది, కానీ దాంతోపాటు నాయిన కూడా పోతాడు. రేపటినుంచి ఆయన మూలన కూర్చుని పెట్టింది తినే ముసలాయన అవుతాడు. నాకు రెండు వైపులా భయమే. ఎటు వైపు భయపడాలో తెలియక ఆ రాత్రి గడిచింది.

శనివారం పొద్దున వెల్డింగతను సామాను వేసుకుని వచ్చాడు. మంటతో కోసే గ్యాసు సిలిండర్లు గోడకు ఆనించి, డ్రమ్మును వేలితో తట్టి, "లోపల ఏమన్న ఉండెనా?" అని అడిగాడు.

"మా మామ వాసన సూసిండు" అన్నాడు మా ఆయన.

అతను నాయినవైపు చూశాడు. "ఓ, నువ్వా పెద్దాయనా! మా బాపు చెప్తుండె నీ గురించి. నువ్వు సూసినంక ఇగ నీళ్లెందుకు" అని జేబులోంచి లైటరు తీశాడు.

నాయిన డ్రమ్ము మీద చెయ్యేసి గర్వంగా నిలబడి ఉన్నాడు. అమ్మాయి కిటికీ చువ్వలు పట్టుకుని చూస్తోంది. చిన్నప్పుడు బడి నుంచి వస్తూ చూసిన, రోడ్డు మీద తిరుగుతూ ఆగని ఆ మూత నా కళ్లముందు తిరిగింది.

ఏం చేస్తున్నానో తెలిసి చేశానో లేదో చెప్పలేను. మొక్కలకు పోసే పైపు నేల మీద పడి ఉంది. దాన్ని తీసుకెళ్లి డ్రమ్ము నోట్లో కుక్కి, మోటారు వేశాను.

"ఏంజేస్తున్నవే?" అని మా ఆయన అరిచాడు. "రేపు అంతమంది వస్తున్నరు, సంపుల ఉన్నయే గన్ని నీళ్లు. ఎల్లుండి దాక నల్లా రాదు. బంద్ జెయ్!"

"నాకు భయమైతాంది" అన్నాను. "నాయిన సూసింది నిజమే, డ్రమ్ము మంచిదే. అయినా నాకు భయమైతాంది. నా భయం పోవాలంటే నీళ్లు పొయ్యాలె. నిండినంక కోసుకోండ్రి. నా పిచ్చి అనుకోండ్రి."

అదొక్కటే దొరికింది నాకు. నన్ను చూసి నవ్వుకున్నా సరే, నాయినను చూసి నవ్వకూడదు. ఎలాగూ అందరూ నవ్వే భయమే కదా. వెల్డింగతను నిజంగానే నవ్వాడు. నాయిన కూడా, "పోనియ్యి అల్లుడా, చిన్నప్పటిసంది గంతే" అని నన్ను వెనకేసుకొచ్చాడు.

మా ఆయనకి ఒళ్లు మండింది. పైపు పీకేయడానికి విసురుగా వచ్చి డ్రమ్ము మీదికి వంగాడు. అప్పటికి సగం నిండింది. నీళ్లు పైకి వస్తున్నకొద్దీ లోపలి గాలి నోట్లోంచి బయటికి వస్తోంది. అది నేరుగా ఆయన మొహానికి కొట్టింది. ఆయన వెనక్కి తూలాడు. దగ్గు ఆగలేదు, కళ్లల్లో నీళ్లు.

"అమ్మో! ఏంది గీ వాసన!"

వెల్డింగతను రెండడుగులు ముందుకు వేసి, గాలి పీల్చి, ఆగిపోయాడు. లైటరు జేబులో పెట్టేశాడు. వెంటనే వెళ్లి సిలిండర్లను గేటు అవతలికి లాగేశాడు. తిరిగొచ్చి, "అంటిచ్చి ఉంటే ఏమైతుండెనో" అని మాత్రం అన్నాడు.

నాకు తల తిరుగుతోంది. పెరడంతా ఆ కుళ్లిన తీపి వాసన. మేమందరం గోడదాకా వెనక్కి జరిగాం, ముక్కులు మూసుకున్నాం. నాయిన జరగలేదు. డ్రమ్ము మీద చెయ్యి అలాగే ఉంది. ఆ నోటికి మూరెడు దూరంలో ఆయన మొహం. ఆయన మామూలుగా ఊపిరి తీసుకుంటున్నాడు. అల్లుణ్ణి చూశాడు, వెల్డింగతన్ని చూశాడు, నన్ను చూశాడు. మా చేతులు ముక్కుల మీద ఎందుకున్నాయో ఆలోచిస్తున్నట్టు చూశాడు. తర్వాత భుజం మీది తువ్వాల తీసి తన ముక్కుకూ అడ్డం పెట్టుకున్నాడు.

నేను ఆయనను కాపాడుదామనుకున్నాను. నేను పోసిన నీళ్లే ఆయనను బయటపెట్టాయి.

"మామా, నువ్వు సూసినవ్ గదా?" అన్నాడు మా ఆయన. కోపంగా కాదు, అయోమయంగా.

"నిన్న నాయినకు జలుబు" అన్నాను నేను. నాయిన తువ్వాల దించకుండానే ఇంట్లోకి వెళ్లిపోయాడు.

డ్రమ్మును నీళ్లతో సహా అలాగే ఉంచి, సాయంత్రం దుకాణంవాళ్లను పిలిపించి, సంగతి చెప్పి అప్పగించాం. ఆదివారం పొద్దున్నే నాయిన లేచి, ఎవరూ అడక్కుండానే ఇటుకలు పేర్చడం మొదలుపెట్టాడు. గాలి ఎటునుంచి వస్తోందో చూసి, పక్కింటివైపు ఎత్తుగా, ఇటువైపు తెరిచి కట్టాడు. వెల్డింగతను కొత్త చువ్వలతో జాలి అతికి ఇచ్చి వెళ్లాడు. చింత కట్టెలు రాజుకున్నాయి. నీళ్లకు ట్యాంకరు పిలిచాం. అయ్యగారు ప్రార్థన చేశారు, మా అమ్మాయి తలమీద చెయ్యి పెట్టి దేవునికి స్తోత్రం చెప్పారు. అందరూ కళ్లు మూసుకుని ఉంటే నేను తెరిచి నాయినను చూశాను. ఆయనవీ తెరిచే ఉన్నాయి.

భోజనాలు మొదలయ్యాక ఆయన పొయ్యి దగ్గర పీట వేసుకుని కూర్చున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. పొగ మా ఇద్దరి మీదికీ వస్తోంది.

"ఎన్ని దినాలసంది నాయినా?" అని అడిగాను.

"దినాలా?" అన్నాడు. మంటలోకి చూస్తూ కట్టె లోపలికి తోశాడు. "నీ పెండ్లికి ముందుసందే బిడ్డా. కంపినీల ఉన్నప్పుడే పోయింది."

మా పెళ్లికి ముందంటే ఎన్ని డ్రమ్ములు? ఎన్ని ఇళ్లల్లో ఆ డ్రమ్ముల నీళ్లు తాగారు? ఎన్నిటిని ఆయన మాట మీద మంట పెట్టి కోశారు?

"మరి గవన్నీ ఎట్ల చెప్పినవ్?"

"నేనెక్కడ చెప్పిన? మీ అమ్మ చెప్పింది" అన్నాడు. "నేను ఉత్తగ చెయ్యి ఊపేది. మీ అమ్మ పక్కన నిలబడి వాసన సూసేది. నేను తన మొఖం సూసి చెప్పేది. మీ అమ్మ మొఖం అద్దమోలె ఉండేది బిడ్డా. మంచిదైతే మంచిది, కాకుంటే కాదు."

అమ్మకు ఒక్క రోజు జలుబు చేసి ఉంటే? అడగలేదు. అడగాల్సింది ఇంకొకటి ఉంది.

"మరి మొన్న?"

"మొన్న నీ మొఖం సూసిన." ఆయన గొంతు సన్నబడింది. "మస్తు సేపు సూసిన. భయం కనవడ్డది. గాని నీ మొఖంల ఎప్పుడు భయమే ఉంటది గద బిడ్డా. గది వాసనకు వచ్చిన భయమా, రోజు ఉండే భయమా, నాకు తెల్వలే."

జాలి మీద మాంసం చిటపటమంటోంది. వెనకాల మా అమ్మాయి ఎవరినో చూసి గట్టిగా నవ్వుతోంది.

కాసేపటికి ఆయన, "ముక్కలు మాడుతున్నయా సూడు బిడ్డా" అన్నాడు.

ఒక పక్క మాడుతున్నాయి. పట్టకారు తీసుకుని ఒక్కొక్కటే తిప్పాను. "ఇగ మంచిగున్నయి నాయినా" అన్నాను. ఆయన తలెత్తి నా మొహంలోకి చూశాడు. అక్కడ భయం కనిపించకుండా ఉంచడానికి నా శాయశక్తులా ప్రయత్నించాను.